అక్క అడగని ప్రశ్నలు

మా అక్క పోయిన సంగతి మార్కాపురంలో ఈపాటికి చాలామందికి తెలిసే ఉంటుంది. ఆ రోజు పొద్దున్నే బావ ఫోన్ చేసి, "మీ అక్క ఇంక లేదు" అన్నాడు. ఏడ్చాను. ఇందులోనూ నాకంటే ముందే వెళ్లిపోయిందని ఉడుక్కున్నాను కూడా. ఆస్పత్రిలో చేరేదాకా జబ్బు సంగతే నాకు తెలియదు.

ఇద్దరం లా చదివాం. పరిశోధనకు ఎంచుకున్న విషయమూ ఒక్కటే: కోర్టుకెక్కిన తగాదాలు తీర్పు తర్వాత ఊళ్లో ఏమవుతాయని. నేను కేసు కాగితాలు చదివి, ప్రశ్నలు అచ్చువేయించి, అందరినీ ఒకే వరుసలో అడిగేదాన్ని. ఆమె ఊరికే వెళ్లి కూర్చునేది. అయినా జనం ఆమెకే చెప్పేవాళ్లు. ఒళ్లు మండదా మరి?

మేకలు చేలో పడ్డాయని రాచర్ల దగ్గరి ఊళ్లో రెండు కుటుంబాలు గిద్దలూరు కోర్టు చుట్టూ తిరిగాయి. తీర్పయ్యాక నేను వెళితే మేకలావిడ, "తగాదా ఏం లేదమ్మా, అంతా సమాధానమైపోయినాం" అంది. అదే రాసుకొచ్చాను. తర్వాత అక్క వెళ్లి, ఆమె పక్కన చేరి వేరుశనక్కాయలు ఒలిచింది. కూతురి పెళ్లికి ఆ ఇంటివాళ్లను పిలవలేదనీ, వాళ్ల చేని గట్టు తొక్కకుండా ఇప్పటికీ చుట్టూ తిరిగి పోతున్నాననీ ఆవిడే చెప్పుకొచ్చిందట.

"ఎట్ల చెప్పించినావక్కా?"

"సాక్షిని అడిగినట్ల అడిగితే సాక్ష్యమే చెప్తారే" అని నవ్వింది.

ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ కడుపుమంటే. బస్సులో నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, విన్నదంతా చెప్పి, "నువ్వూ రాసుకోవే" అనేది. ఆ ధారాళం అసలే నచ్చేది కాదు. నా పరిశోధనలో పనికొచ్చే నాలుగు మాటలున్నాయంటే అవి ఆమె పెట్టిన భిక్షే.

దినాలయ్యాక ఆ ఊరు వెళ్లాను. ఆమె సగంలో వదిలిన పని ముగించాలని. ఇకనైనా నాకు చెప్తారని కూడా. నేను నోరు తెరవకముందే మేకలావిడ కళ్లు తుడుచుకుంది.

"ఎండాకాలంలోనే చెప్పిందమ్మా, ఇంక బతకనని."

"మాకెవరికీ చెప్పలేదే. మీకెట్ల చెప్పింది?"

"నేనేం అడగలేదు. చెల్లెలికి చెప్తే ప్రశ్న మీద ప్రశ్న వేస్తాది, జవాబు చెప్పే ఓపిక లేదనింది."

నాకు ప్లాస్టిక్ కుర్చీ వేసింది. అక్క ఎక్కడ కూర్చునేదని అడిగాను. గోడవారగా చూపించింది. అక్కడ ఒక మేకపిల్ల ముడుచుకుని నిద్రపోతోంది. దాన్ని లేపడానికి నాకు చేతులు రాలేదు.