సోంపు తూటాలు

మా అక్క నిశ్చితార్థాన్ని నేను దాదాపు ముంచేసిన కథ ఇది. కుట్ర పన్నిన శత్రువులెవరూ లేరు, నా తెలివి ఒక్కటే సరిపోయింది. చదివి నవ్వుకోండి గానీ, మా బంధువులెవరైనా ఎదురైతే మాత్రం ఈ సంగతి ఎత్తకండి. వాళ్లు మళ్లీ మొదటి నుంచి చెబుతారు.

నాకో పిచ్చి ఉంది. వెనకటి వేటగాళ్లు కాల్చేసిన తూటాలను ఇంట్లోనే మళ్లీ నింపుకునేవారు. అందుకు వాడిన చేతి పనిముట్లను సేకరిస్తాను. నాకు తుపాకీ లేదు, దోమను కొట్టడానికి కూడా చెయ్యి రాదు, కానీ ఆ పనిముట్లంటే ప్రాణం. ఒకసారి పాత సామాన్ల అంగడిలో తుప్పు కుప్ప కింద తూటా మూతి మడిచే యంత్రం దొరికింది. కొబ్బరి కోరే మిషన్‌లాగా బల్ల అంచుకు బిగించాలి. కాగితపు గొట్టం పెట్టి పిడి తిప్పితే చాలు, దాని మూతి లోపలికి చుట్టుకుని బిగుసుకుపోతుంది. తుపాకీ మందు తూచే బుల్లి ఇత్తడి త్రాసు కూడా దానితోపాటే దొరికింది. ఆటోలో అమీర్‌పేట దాకా రెండింటినీ ఒళ్లో పెట్టుకుని వచ్చాను. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు.

పనిముట్లు ఉన్నాయి, పనే లేదు. సరిగ్గా అప్పుడే అక్కకు సంబంధం కుదిరింది.

"అక్కా, రిటర్న్ గిఫ్టులు నేను చేస్త," అన్నాను.

"ఏం చేస్తవ్?"

"తూటాలు."

అక్క చపాతీ కర్ర పక్కన పెట్టి నా వైపు చూసింది.

"మందు కాదే, లోపల సోంపు, పటిక బెల్లం. పైన ఎర్ర కాగితం. మస్తుంటయ్."

"పెండ్లి ఆగిపోతే జిమ్మేదారి నీదే," అంది.

వారం రోజులు పిడి తిప్పుతూనే ఉన్నాను. ఒక్కో తూటా వస్తుంటే ఒళ్లు పులకరించేది. అక్కడితో ఆగి ఉంటే నేను మీకు ఈ కథ చెప్పేవాడినే కాదు. బావకు అక్క తొడగాల్సిన ఉంగరాన్ని జాగ్రత్త చేయమని నాన్న నాకిచ్చాడు. దాన్ని కూడా ఒక తూటాలో పెట్టి బిగించేశాను. ముహూర్తానికి అక్క అందరి ముందూ తూటా విప్పుతుంది, ఉంగరం బయటపడుతుంది, హాలంతా చప్పట్లు కొడుతుంది. ఇదీ నా పథకం. ఎవరికీ చెప్పలేదు. చెబితే వద్దంటారని నాకు తెలుసు.

నిశ్చితార్థం రోజున ఆ తూటాను వేదిక మీద వెండి పళ్లెంలో పెట్టాను. మగపెళ్లివారు కోస్తా నుంచి వచ్చి పంజాగుట్టలో స్థిరపడినవాళ్లు. ఉంటున్నది కూతవేటు దూరమే అయినా కూడలి ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ముహూర్తం దగ్గరపడ్డాక వచ్చారు. గిఫ్టులు వెళ్లేటప్పుడు ఇవ్వాలని అమ్మ చెప్పింది. అంతసేపు ఎవరు ఆగుతారు? గుమ్మం దగ్గరే నిలబడి, బుట్టలోంచి తీసి ఒక్కొక్కరి చేతిలో నేనే పెట్టాను.

"ఏంటి బాబూ ఇది?" అన్నారు బావ తండ్రి.

"తూటా అండీ, నేనే చేశాను," అన్నాను గర్వంగా. ఆయన రెండు వేళ్లతో దాన్ని దూరంగా పట్టుకుని లోపలికి వెళ్లారు.

పంతులుగారు ఉంగరం అడిగారు. పళ్లెం చూశాను. పూలున్నాయి, అక్షింతలున్నాయి, తూటా లేదు.

"అమ్మా, పళ్లెంల ఉన్న తూటా ఏది?"

"ఒక్కటే పక్కకు పడి ఉంటే బుట్టల ఏసిన బిడ్డా. ఎవలికన్న తక్కువైతదని."

విషయం అక్క చెవిలో చెప్పాను. అక్క ముఖం పాలిపోయింది గానీ, బుర్ర మాత్రం బాగానే పనిచేసింది.

"ఉంగరం ఉన్నది బరువుంటది కదా. నీ త్రాసు తే, తూచి చూద్దం."

నేను తల గోక్కున్నాను.

"ఏమైందిరా?"

"అన్ని ఒక్క బరువే ఉన్నయి అక్కా. ఉంగరమంత బరువు సోంపు తీసేసి, చప్పుడు రాకుండ సందుల దూది పెట్టిన."

"నీకెవడు చెప్పిండురా గట్ల తీయమని?"

"తూటాలు నింపెటోళ్లకు గదే నియమం. ఒక్కటి సుత బరువు తేడా రావద్దు."

అక్క నన్ను అక్కడే చంపేది. ఎదురుగా కూర్చున్న మగపెళ్లివారు నన్ను కాపాడారు.

ఇక దాచి లాభం లేదని మైకు తీసుకున్నాను. "దయచేసి అందరూ మీ దగ్గరున్న తూటాలు విప్పండి," అన్నాను. వెనక వరసలో ఇద్దరు లేచి బయటికి నడిచారు. మిగతావాళ్లు విప్పబోయారు. నా పనితనం మీకు తెలియదు, ఒక్కటీ ఊడలేదు. తాళంచెవులు వచ్చాయి, పూలవాళ్ల కత్తెర వచ్చింది, బావ తండ్రి పళ్లతో లాగారు. హాలంతా సోంపు రాలింది. ముహూర్తం దాటిపోతోందని పంతులుగారు గడియారం చూపిస్తున్నారు. కనిపించిన తూటాలన్నీ విప్పారు గానీ ఉంగరం మాత్రం దొరకలేదు.

అప్పుడు బావకు వాళ్ల నాయనమ్మ కనిపించింది. ముందు వరసలో కూర్చుని కొంగు ముడిని గట్టిగా పట్టుకుని ఉంది.

"మామ్మా, నీ తూటా ఇలా ఇవ్వు."

"నాకిచ్చింది నాది. ఇంటికెళ్లి తింటాను."

"అందులో ఉంగరం ఉంది మామ్మా."

"అయితే అసలే ఇవ్వను."

హాలు మొత్తం ఆమె కుర్చీ చుట్టూ చేరింది. అందరూ బతిమాలాక, ఆమె తీరిగ్గా చేతిసంచిలోంచి అడకత్తెర తీసి తూటా మూతి కత్తిరించింది. ఉంగరం ఒళ్లో పడింది. అక్క దాన్ని బావ వేలికి తొడుగుతుంటే నాకు ఏడుపొచ్చేసింది. ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకుంటుంటే ఆమె నన్ను దగ్గరికి పిలిచింది. దీవిస్తుందేమోనని కాళ్లకు దండం పెట్టాను. ఆమె తూటాలోకి ఒక కన్నుతో చూసి, తల ఎత్తింది.

"ఏంటి బాబూ, అందరికీ నిండా పోసి మగపెళ్లివారి పెద్దదానికి సగమే పోశావు? ఇదేనా మర్యాద?"

అక్కడే, సోంపు మధ్య నిలబడి, అగ్నిసాక్షి లేకపోయినా పంతులుగారి సాక్షిగా శపథం చేశాను: ఇకపై ఈ జన్మలో ఎవరి ఉంగరాన్నీ ఏ గొట్టంలోనూ బిగించను. ఒకవేళ చెయ్యి ఊరుకోక బిగించినా, పెద్దవాళ్ల సోంపులోంచి చిటికెడు కూడా తగ్గించను.