ఈపోలో మా ఆదివారం కాఫీ

మొన్న మా మరిది మనవరాలు, నాకు కాస్త గాలి మారుతుందని, విజయనగరంలో కొత్తగా వెలిసిన తిండి బండ్ల దగ్గరకు బలవంతాన తీసుకెళ్లింది. అక్కడ ఒక బండి మీద మలేషియా వంటకాలు అన్న బోర్డు చూడగానే నా కాళ్లు ఆగిపోయాయి. ఆకలి లేదని అబద్ధం చెప్పి ఇంటికొచ్చేసి, తలుపేసుకుని ఏడ్చాను. మావారు పోయి ఏడాది కావస్తోంది.

శృంగవరపుకోటలో మా అత్తవారిది తరతరాలుగా గుడి సేవ చేసుకునే కుటుంబం. నీచు సంగతి అటుంచి, గుడ్డు అన్న మాట కూడా ఆ వంటింట్లో వినబడకూడదు. మా పెళ్లయిన కొత్తలో, మలేషియాలోని ఈపో ఊళ్లో తెలుగువాళ్ల పిల్లలకు వయొలిన్ నేర్పే పని మావారికి మూడేళ్ల ఒప్పందం మీద కుదిరితే, అత్తగారు మా పెట్టెలో చింతపండు, కందిపొడి, వడియాలు కుక్కి, బయట ఏదీ ముట్టనని నా చేత దేవుడి ముందు ఒట్టు వేయించి మరీ పంపారు.

పాతికేళ్లు నిండని మొగుడూ పెళ్లాలం, ఆ ఒట్టు మీద ఎన్నాళ్లుంటాం? ఆదివారం ఆయన పాఠాలు ముగించుకుని రాగానే వీధి బండ్ల వెంట తిరుగుతూ, ఇందులో ఏముంది, అందులో ఏముందని సైగలతో అడుగుతూ, పప్పులో ముంచుకునే పరోటాలూ, కొబ్బరిపాలలో బెల్లంపాకం పోసిచ్చే చల్లటి చెండోలూ రుచి చూసి, చివరికి చీనావాళ్ల పాత కాఫీ హోటల్లో పాలరాతి బల్ల ముందు కూలబడేవాళ్లం. చిక్కటి డబ్బాపాల కాఫీ, బొగ్గుల మీద కాల్చిన రొట్టె, దాని మధ్య వెన్న, కయా అనే కొబ్బరిపాల జామ్. ఆ జామ్‌లో గుడ్లు కలుపుతారని మాకు తెలిసేసరికి రెండు నెలలుగా లొట్టలేసుకుంటూ తింటున్నాం. నేను బావురుమన్నాను. ఆయన మాత్రం పడీపడీ నవ్వి, "తినీసినాం కదే, ఇప్పుడు మానీసి ఏటి లాభం?" అని, పక్క బల్ల ముసలాయన తింటున్నట్టే సగం ఉడికిన గుడ్లు రెండు తెప్పించుకుని, సోయా సాసూ తెల్ల మిరియాల పొడీ వేసి సాసరుతో జుర్రుకున్నారు. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ అంతే. నేనూ తిన్నాను, దాచడం దేనికి. తిరిగొచ్చే ముందు మాత్రం, ఈ సంగతి చచ్చేదాకా నోరు దాటకూడదని నేనే ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను.

నలభై ఏళ్లు నిలబెట్టుకున్నారు. మంచం పట్టి, ఏదీ సయించక జావ కూడా పక్కకు నెట్టేస్తున్న రోజుల్లో, ఒక ఉదయం, మరిదీ తోటికోడలూ శిష్యులూ చుట్టూ ఉండగా, నా చెయ్యి పట్టుకుని స్పష్టంగా అడిగారు. "ఒసే, ఆ గుడ్లు రెండు సేసి పెట్టవే, మిరియాలేసి." అందరూ నా మొహం చూశారు. ఆయన పరువు పోతుందనుకున్నాను. కాదు, నా పరువే. "జొరంలో ఏటేటో మాటాడతన్నారు. మనింట గుడ్లేటి?" అనేశాను. ఆయన నన్నే కాసేపు చూసి, చెయ్యి వదిలేశారు. ఆపైన నాలుగు రోజులు బతికారు గానీ, నన్ను మంచినీళ్లు కూడా అడగలేదు.

మన తరం కోడళ్లం దేనికి అంత వణికామో చెప్తే ఇప్పటి పిల్లలకు నవ్వొస్తుంది. ఈమధ్య ఆ మనవరాలికే నీరసం తగ్గాలంటే గుడ్లు పెట్టమన్నాడట డాక్టరు. ఆనాడు నా మొహం చూసిన మరిదే బజారుకెళ్లి తెస్తున్నాడు. మా తోటికోడలే ఉడకబెట్టి, వలిచి, తినేదాకా దగ్గర కూర్చుంటోంది. ఎవరూ ఏమీ అనరు. అనకపోవడమే మంచిది, పిల్ల బాగుండాలి. కానీ ఆయన్ని నలుగురిలో మతి తప్పిన మనిషిని చేసి నేను కాపాడిన పరువు, ఏడాది తిరక్కుండానే ఈ ఇంట్లో ఎవరికీ అక్కర్లేకపోయింది.