సాంచా కోసం ఇరవై ఒక్క ప్రశ్నలు

ఒక మనిషి తన ఉద్యోగాన్ని తానే లేచి నిలబడి, గొంతు సవరించుకుని, అక్షరమాల క్రమంలో పోగొట్టుకోవడం మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. చూడాలంటే ఆ లాక్‌డౌన్ ఏడాది సూరత్‌కు వచ్చి, గోడాదరాలో మా బిల్డింగు డాబా ఎక్కాల్సింది. ఆ రోజు అక్కడున్న వాళ్లు ఇప్పటికీ పెళ్లిళ్లలో ఆ ముచ్చట చెప్పుకుని నవ్వుతారు. నేను పక్కనే కూర్చున్నా చెప్పుకుంటారు. మధ్యలో ఏదైనా మరిచిపోతే నన్నే అడుగుతారు. వాళ్లు దాన్ని ఇంకా పెంచకముందే నేనే చెప్పేస్తే నయమని ఈ రాత.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. పేరు సాంబయ్య. కరీంనగర్ వైపు నుంచి వచ్చి సాంచాలు నడుపుకునేవాణ్ణి. సాంచా అంటే కరెంటు మగ్గం. చదువు ఇంటరు దాకా, అనుమానం మాత్రం పీజీ దాకా. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే వీడికి నాతో ఏం పనిపడిందో అనుకునేవాణ్ణి. పలకరించకపోతే ఏం దాస్తున్నాడో అనుకునేవాణ్ణి. చాయ్ కప్పు నిండా పోస్తే నీళ్లు కలిపాడని తేల్చేవాణ్ణి. ఇంత తెలివి ఒక్క మనిషికి ఎందుకిచ్చాడో దేవుడు అని నాలో నేనే మురిసిపోయేవాణ్ణి కూడా.

సాంచాలు ఆగిపోయాక ఊళ్లకు రైళ్లు వేశారు. సగం బిల్డింగు ఖాళీ అయింది. నేను పోలేదు. "రేపో మాపో కార్ఖానా తెరుస్తరు, ఉన్నోళ్లకే పని" అని రాజమల్లు మామ అన్న మాట మీద ఆగాను. ఆయన మా ముకద్దమ్. అంటే కార్ఖానా యజమాని శేఠ్‌కు మనుషుల్ని కుదిర్చిపెట్టేదీ, మా బాధ శేఠ్‌కు చెప్పేదీ, శేఠ్ కోపం మాకు చెప్పేదీ ఆయనే. చుట్టరికం లేకపోయినా బిల్డింగంతటికీ మామ. అంతలోనే ఇంకో మాట పుట్టింది. కార్ఖానా తెరిచినా అందరినీ పిలవరట, మిగిలిన ఇరవై ఆరు మందిలో పదమూడు మందినే తీసుకుంటారట. ఆ పదమూడులో నేనున్నానా, లేనా? లేకపోతే ఇక్కడ పనీ లేదు, పోవడానికి రైలూ లేదు. పొద్దున లేస్తే నాకు ఇదే ఆలోచన.

ఇప్పుడు మా మంత్రివర్గం గురించి చెప్పాలి. టీవీలో రోజూ ఇది యుద్ధం, ఇది యుద్ధం అంటుంటే, యుద్ధమన్నాక ప్రభుత్వం ఉండొద్దా అని మా వాళ్లు శాఖలు పంచుకున్నారు. కార్మిక శాఖ రాజమల్లు మామకు. హోం శాఖ ఆయన భార్య భూదేవత్తకు. మెట్ల దగ్గర వెదురు బొంగు అడ్డం పెట్టి, వచ్చేపోయే వాళ్లను రిజిస్టర్‌లో రాయించేది ఆమే. విద్యాశాఖ లచ్చన్న కాకకు. ఆయన మూడో తరగతి కూడా దాటలేదు గానీ బిల్డింగులో పెద్ద ఫోను ఆయన ఒక్కడికే ఉంది. పిల్లల ఆన్‌లైన్ క్లాసులన్నీ అందులోనే. ప్రతి ఆదివారం సాయంత్రం ఐదింటికి డాబా మీద, సుద్దముక్కతో గీసిన గుండ్రాల్లో సభ. నాకు ఏ శాఖా ఇవ్వలేదు. దాంతో నాకు నేనే ప్రతిపక్ష నాయకుణ్ణి అయ్యాను.

దానికి తగ్గ పుస్తకం కూడా దొరికింది. రేషన్ కిట్లు పెట్టడానికి మా తెలుగువాళ్ల సంఘం గది ఖాళీ చేసి, పాత పుస్తకాలను పస్తీకి, అంటే చిత్తుకాగితాల కింద తూకానికి వేస్తుంటే అట్ట ఊడిపోయినదొకటి తెచ్చుకున్నాను. ఎప్పటిదో పాత యుద్ధకాలంలో చట్టసభలో సభ్యులడిగిన ప్రశ్నలు, మంత్రులిచ్చిన జవాబులు. మిల్లు కూలీల పని గంటలు, పోలీసు నిర్బంధాలు, బడి జీతాలు. ఒక్కో ప్రశ్న కింద అ, ఆ, ఇ అని భాగాలు. చదివిన కొద్దీ నా రక్తం వేడెక్కింది. కానీ ఒకటి గమనించాను. మూడు భాగాలు పెడితే మంత్రులు ఏదో సందులోంచి జారిపోతున్నారు. నేనైతే ఏడు పెడతాననుకున్నాను. అ నుంచి ఋ దాకా.

ప్రశ్నలకు విషయం దొరకడం ఎంతసేపు? మామ ఒక నోటుబుక్కులో ఏదో రాస్తున్నాడు, నేను కనబడితే మూసేస్తున్నాడు. ఒక్కొక్కరే ఆయన గదికి పోయి వస్తున్నారు. నన్ను మాత్రం పిలవడం లేదు. నా గదిలోనే ఉండే గంగాధర్‌ను పట్టుకున్నాను.

"గంగన్నా, నిన్న మామ రూముకు ఎందుకు పోయినవ్?"

"ఉప్పుకు పోయిన."

"ఉప్పుకు పోయినోనివి ఆధార్ కార్డు ఎందుకు పట్టుకపోయినవ్?"

"జేబుల ఉండె."

"లుంగీకి జేబు ఎక్కడిది?"

గంగాధర్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. పగలు పదకొండింటికి అంత గాఢనిద్ర పట్టిన మనిషిని నేను చూడలేదు.

తర్వాత హోం శాఖకు వెళ్లాను. "అత్తా, మామ రోజూ పగటిపూట బయటికి పోతుండు గదా. రిజిస్టర్ల ఒక్క దినం కూడ రాసి లేదేంది?"

"ఆయన పోతలేడు."

"నా కండ్లతోని చూసిన."

"చూస్తే చూసినవ్. ముందుగాల మాస్కు ముక్కుమీదికి గుంజుకో."

విద్యాశాఖ మరీ అన్యాయం. పన్నెండింటి దాకా జరగాల్సిన పిల్లల క్లాసు పదకొండుకే ఆగిపోతోంది.

"ఏంది కాకా, పిల్లలను తోలేసినవ్?"

"నెట్టు వస్తలేదురా."

"గదే ఫోను మామ చేతికి పోంగనే నెట్టు ఎట్లొస్తుంది?"

"గా మాట నువ్వు నెట్టునే అడుగు" అని కాక లేచిపోయాడు.

మూడు శాఖలూ కలిసిపోయాయి. నోటుబుక్కు, రిజిస్టరు, ఫోను. జాబితా తయారవుతోంది, నా పేరు అందులో లేదు, అందుకే ఇంత దాపరికం. ఇంకెవరైనా అయితే మామ దగ్గరికి పోయి "నా పేరుందా మామా?" అని నాలుగు ముక్కల్లో అడిగేవారు. మనం అట్లా అడిగే రకమా? నాలుగు రోజులు కూర్చుని మూడు ప్రశ్నలు, ఒక్కోటి ఏడు భాగాలుగా, మొత్తం ఇరవై ఒకటి తెల్లకాగితం మీద రాసుకున్నాను.

ఆదివారం వచ్చింది. మధ్యాహ్నమే మామ నా దగ్గరికి వచ్చి, "సాంబా, ఇయ్యాల జర మంచి షర్టు ఏసుకో. నోరు మూసుకొని కూసో. గంతే" అన్నాడు. ఇన్నాళ్లు నా ముఖం చూడని మనిషి వచ్చి మరీ నోరు మూసుకోమంటున్నాడంటే నా అనుమానం ఎక్కడికి చేరిందో మీరే ఊహించుకోండి. కావాలని లుంగీ మీదే వెళ్లాను.

డాబా మీద అందరూ పెళ్లిచూపులకు వచ్చినట్టు తలలు దువ్వుకుని కూర్చున్నారు. మామ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కొత్త మనిషి. తెల్ల చొక్కా, టోపీ, ముఖమంతా మాస్కు, చేతిలో చిన్న పుస్తకం, పెన్ను. "ఎవరాయన?" అని గంగాధర్‌ను అడిగితే, "నీకు దండం పెడ్త, కూసో" అన్నాడు. పుస్తకం, పెన్ను చూడగానే నాకు అర్థమైపోయింది. పేపరు విలేఖరి. లాక్‌డౌన్‌లో కూలీల బాధలు రాసుకోవడానికి వచ్చాడు. నా అదృష్టం ఇట్లా కుర్చీ వేసుకుని కూర్చుందనుకున్నాను.

లేచాను. మా సభకు స్పీకరు లేడు కాబట్టి నీళ్ల ట్యాంకు వైపు తిరిగి, "అధ్యక్షా" అన్నాను.

"సాంబా, కూసోరా" అన్నాడు మామ.

"గౌరవ కార్మిక మంత్రి దయచేసి సెలవిస్తారా: అ, పనికి పిలిచే కూలీల జాబితా ఒకటి రహస్యంగా తయారవుతున్న మాట నిజమేనా? ఆ, నిజమైతే అందులో ఎవరెవరి పేర్లున్నవి? ఇ, లేని పేర్లు ఎందుకు లేవు?"

"అవన్ని తర్వాత మాట్లాడుదాం బిడ్డా."

"తర్వాత అనే జవాబును సభ ఒప్పుకోదు. ఈ, శేఠ్‌తో మంత్రిగారు చేసుకున్న లోపాయికారీ ఒప్పందమేమిటి?"

భూదేవత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లచ్చన్న కాక కళ్లు మూసుకున్నాడు. మంత్రివర్గం వణుకుతోందని నాకు ఉత్సాహం పెరిగింది. మిగిలిన మూడు, హోం శాఖ మీద ఏడు, విద్యాశాఖ మీద ఏడు ఊపిరి తీసుకోకుండా చదివాను. తెల్లచొక్కా ఆయనకు తెలుగు రాదేమోనని తోచి మొత్తం ఇరవై ఒకటీ హిందీలో మళ్లీ అడిగాను. "లిఖ్ లీజియే సాబ్" అని కూడా అన్నాను. ఆయన బుద్ధిగా రాసుకున్నాడు. నా పేరడిగాడు. చెప్పాను. తండ్రి పేరు కూడా చెప్పాను. ఇంటిపేరు ముందు రాసుకొమ్మన్నాను.

రాసుకోవడం అయ్యాక ఆయన మామ వైపు తిరిగి హిందీలో ఒక్క మాట అడిగాడు. దాన్ని తెలుగులో చెబితే ఇంతే: "ఎప్పుడూ నోరు తెరిచి ఒక్క మాట అడగడు అని నువ్వు చెప్పిన మనిషి ఇతనేనా?"

ఆయన విలేఖరి కాదు. మా కార్ఖానాకు వారం కింద వచ్చిన కొత్త మేనేజరు. లాక్‌డౌన్‌లో ప్రశ్నలు అడిగే కూలీలతో శేఠ్‌కు విసుగు పుట్టి, నెమ్మదస్తులైన పదమూడు మందిని ఏరమని ఈయన్ని పంపాడట. మామ రోజూ పగలు పోయింది ఆయన దగ్గరికే. పనికి పిలవని పదమూడు మందికి ముందే తెలిస్తే కొట్లాట అవుతుందని గుట్టుగా పోయాడు. కాక ఫోనులో తీసింది ఆధార్ ఫొటోలు. నా ఆధార్ కాపీ మొదట్లో రైలు కోసం పేరు రాయించినప్పటి నుంచి మామ దగ్గరే ఉంది, అందుకే నన్ను పిలవలేదు.

మామ నోటుబుక్కు తెరిచి నా ముందు పెట్టాడు. మొదటి వరుసలో నా పేరు. పక్కన హిందీలో, శాంత స్వభావి.

"నా మాట మీద ఊరికి పోకుండ ఆగినవని, ఫస్టు నీ పేరే రాసిన్రా" అన్నాడు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"మరి నాకు ముందుగాల చెప్పద్దా మామా?"

"చెప్తే నువ్వు అడుగుడు షురూ చేస్తవని చెప్పలే."

నాకు సిగ్గుతో కళ్లలో నీళ్లొచ్చాయి. నన్ను గట్టున పడేయాలని చూసిన మనిషిని అందరి ముందూ దొంగను చేశాను. ఆలోపు మేనేజరు తన పుస్తకంలో ఒక గీత గీసి మెట్లు దిగుతున్నాడు. మామ చెప్పులు కూడా వేసుకోకుండా ఆయన వెనక పరుగెత్తాడు. రెండంతస్తుల దాకా ఆయన బతిమాలే గొంతు వినిపించింది.

కాసేపటికి రొప్పుకుంటూ పైకి వచ్చాడు. "పని దొరికింది. సాంచాల మీద కాదు, గేటు కాడ."

"గేటు కాడ ఏం పని మామా?"

"అడుగుడే."

నిజంగా అడుగుడే. నుదుటికి పెట్టే జ్వరం మిషను ఒకటి చేతికిచ్చి కార్ఖానా గేటు దగ్గర నిలబెట్టారు. జ్వరముందా, దగ్గుందా, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా? అన్ని బిల్డింగుల వాళ్లూ కలిపి నూటయాభై మంది, పొద్దున ఒకసారి, భోజనం తర్వాత ఒకసారి. నాలుగో రోజుకే నా గొంతు నాకే చేదయింది.

"కాకా, జ్వరముందా?"

"ఇప్పటిదాక లేదు. నిన్ను చూసినంక వచ్చేటట్టున్నది."

మామ మాత్రం రోజూ మిషను ముందు తల వంచి, "లేదు సార్" అనేవాడు. ఆ సార్ అన్న మాటకు నాకు అన్నం సయించేది కాదు.

దీపావళి దాటాక ఒకతను ఊరికి పోయి తిరిగి రాలేదు. సాంచాల మీద ఖాళీ పడింది. మామ మళ్లీ నా పేరే చెప్పాడు. చూడండి, ఎవరైనా అంత జరిగాక చెబుతారా? మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, ఎగాదిగా చూసి, "రేపటి నుంచి సాంచాల మీదికి వెళ్లు. ఏమైనా అడగాలా?" అన్నాడు.

ఇది పరీక్ష అని నాకు తెలిసిపోయింది. ఈసారి మోసపోతానా? పెదవులు బిగించి తల అడ్డంగా ఊపాను. మేనేజరు కుర్చీ వెనక నిలబడ్డ మామ నాకు చేతివేళ్లు చూపిస్తూ, కనుబొమలు ఎగరేస్తూ ఏవో సైగలు చేస్తున్నాడు. నోరు మూసుకోమంటున్నాడని ఇంకా గట్టిగా మూసుకున్నాను. "ఏమీ లేదా?" అన్నాడు మేనేజరు. నేలచూపులు చూశాను. ఆయన సంతోషించి సంతకం పెట్టించుకున్నాడు.

తెల్లారి పనిలోకి దిగితే నాకిచ్చిన సాంచాలు పన్నెండు. గంగాధర్‌కు ఎనిమిది, అటుపక్క అతనికి ఎనిమిది. నేను ఈ చివర దారం ముడి వేసేలోపు ఆ చివర మూడు చోట్ల తెగుతోంది. మధ్యాహ్నానికి నా కాళ్లు నావి కావు. మామను పట్టుకున్నాను.

"ఏంది మామా, అందరికి ఎనిమిది, నాకు పన్నెండా?"

"ఎన్ని సాంచాలని అడుగుమని నిన్న వేళ్లు చూపిస్తనే ఉంటి కదరా. అడిగినోళ్లకు ఎనిమిదే ఇస్తుండు. అడగనోళ్లకే పన్నెండు."

కాబట్టి పాఠకులారా, ఆ పన్నెండు సాంచాల సాక్షిగా ఇదే నా ప్రతిజ్ఞ. నా పేరు రాసే చేతిని ఇక జన్మలో అనుమానించను. నీళ్ల ట్యాంకును అధ్యక్షా అని పిలవను. సంతకం పెట్టేముందు, సాంచాలెన్ని అని మాత్రం తప్పకుండా అడుగుతాను. మిగతా ఇరవై ప్రశ్నలను ఇందుమూలంగా సభ నుంచి ఉపసంహరించుకుంటున్నాను.