పెద్దమ్మ నోట స్తోత్రం ఆగిన రోజు

ఆ రోజుల్లో నాకు ఇద్దరంటే మహా చిరాకు. ఒకటి, టీచరు ఉద్యోగాల ఫలితాల్లో నా నంబరు చూపించని కంప్యూటరు. రెండోది మా పెద్దమ్మ. కంప్యూటరు ఒక్కసారి ఏడిపించి ఊరుకుంది. పెద్దమ్మ మాత్రం రోజూ ఓదార్చేది. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో చాలాకాలం పనిచేసి మానేసిన ఆమెను మా చర్చి సంఘంలో అందరూ ‘స్తోత్రం పెద్దమ్మ’ అనేవాళ్లు. కరెంటు పోతే “స్తోత్రం, పాపం ఫ్యానుకు కూడా రెస్టు కావాలి గదా” అనేది. పాలు విరిగితే స్తోత్రం చెప్పి కోవా చేసేది (ఆ కోవా తిన్నాక స్తోత్రం చెప్పడం మాత్రం మా వల్ల అయ్యేది కాదు). పరీక్ష పోయిందని నేను ముసుగుతన్ని పడుకుంటే వచ్చి నా తల నిమిరింది. “స్తోత్రం చెప్పు పాపా. దేవుడు నీకు ఇంకేందో పెట్టింటాడు.” “ఆ ఇంకేందో ఏందో ముందే చెప్పొచ్చు గదా పెద్దమ్మా?” అన్నాను ముసుగులోంచే. “చెప్తే మాత్రం నువ్వు వింటావా?” అంది.

ఇంతలో పెద్దదోర్నాలలోని ఒక ప్రైవేటు స్కూలు నుంచి డెమో క్లాసుకు రమ్మని ఫోను వచ్చింది. అప్పటికి నాకున్న ఆశ అదొక్కటే. అది కూడా పోతే ఇంట్లో వాళ్ల మొహం ఎలా చూడాలా అన్నంత దిగులు. ఆకు తన ఆహారాన్ని ఎలా తయారుచేసుకుంటుందో పెద్ద చార్టు మీద రంగులతో బొమ్మ వేసుకుని, చుట్టచుట్టి, చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. తోడుగా పెద్దమ్మ. ఆమె సంచిలో బైబిలు, పులిహోర డబ్బా, దువ్వెన.

దోర్నాల ఇంకా దూరం ఉండగానే బస్సు టైరు పంక్చరయింది. అందరం దిగాం. పెద్దమ్మ ఆకాశం వైపు చూసి, “స్తోత్రం. ఘాట్‌లో కాకుండా చదును మీద ఆగింది” అంది. ఈ బస్సు ఘాట్ దాకా పోనే పోదని చెప్పినా వినలేదు. అప్పుడే ఒక మేకల మంద రోడ్డు దాటుతూ వచ్చింది. నేను చార్టును రాయికి ఆనించి చెమట తుడుచుకుంటున్నాను. తిరిగి చూసేసరికి ఒక నల్లమేక నా ఆకును మొదలంటా నములుతోంది. నేను కేక వేసి లాగితే బొమ్మలోని సూర్యుడు మాత్రం నా చేతికొచ్చాడు. మందను తోలుకొస్తున్న ముసలాయన నొచ్చుకుంటూ, “పచ్చగా గీస్తే ఆకే అనుకున్యాది పాపా. దానికి చదువేం తెలుసు?” అన్నాడు. పెద్దమ్మ నోరు తెరిచింది. “పెద్దమ్మా, వద్దు” అన్నాను. “నేనేమంటి? దాని కడుపన్నా నిండె గదా అంటా ఉన్నా. స్తోత్రం” అనేసింది. దోర్నాల చేరేదాకా నేను వేరే సీట్లో కూర్చున్నాను.

దోర్నాల సెంటర్లో శ్రీశైలం పోయే యాత్రికులు, జీపులు, హోటళ్లు, వాళ్లు విసిరే అరటిపండ్ల కోసం కోతులు. పెద్దమ్మ కుళాయి దగ్గర మొహం కడుక్కుందామని సంచి బెంచీ మీద పెట్టింది. అంతే, ఒక గండుకోతి సంచితో సహా హోటలు రేకుల మీదికెక్కింది. ముందు దువ్వెన కింద పడేసింది. తర్వాత పులిహోర డబ్బా మూత ఊడబెరికి ఒక పిడికెడు తిని, మొహం చిట్లించి (ఉప్పు ఎక్కువైందని మాకూ తర్వాత తెలిసింది) డబ్బా పక్కన పెట్టింది. ఆఖర్న బైబిలు తీసి ఒళ్లో పెట్టుకుని, పేజీలు తిప్పడం మొదలుపెట్టింది.

“ఒరే నీ మొగం మండా! నీ చేతులిరగా! దింపరా దాన్ని!” పెద్దమ్మ గొంతు చెక్‌పోస్టు దాకా వినబడి ఉంటుంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె నోట అలాంటి మాటలు వినడం అదే మొదలు. నాలో ఉన్న కోపమంతా ఒక్కసారిగా సంతోషమైపోయింది. పక్కకు చేరి మెత్తగా అడిగాను. “స్తోత్రం చెప్పలేదే పెద్దమ్మా?” ఆమె నా వైపు తిరగను కూడా తిరగలేదు. “ఆగు పాపా, ముందు తిట్టనీ! పైనున్నాయనకు నా సంగతి తెలుసు, ఏమనుకోడులే!”

శివమాల వేసుకున్న ఒక స్వామి ఈ గొడవ చూసి తన అరటిపండ్లు రెండు రేకుల మీదికి విసిరాడు. కోతి పండ్లు పట్టుకుని బైబిలు వదిలేసింది. స్వామి దాన్ని గాల్లోనే అందుకుని, దుమ్ము దులిపి, రెండు చేతులతో ఇస్తూ, “తీసుకోమ్మా. శ్రద్ధగా చదువుతా ఉండె, మనమే చెడగొడితిమి” అన్నాడు. పెద్దమ్మ ఒక్క క్షణం బిగుసుకుని, తర్వాత కొంగు నోటికడ్డం పెట్టుకుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. హోటలు కుర్రాడు రేకులెక్కి సంచి, డబ్బా, మూత దింపిపెట్టాడు.

స్కూలుకు ఆలస్యంగా చేరాను. చేతిలో చార్టు లేదు. ఏం చేయాలో తోచక, “పిల్లలూ, నా పాఠాన్ని ఇందాక మేక తినేసింది” అన్నాను. క్లాసు గొల్లుమంది. “మేక ఆకు తింటుంది, మరి ఆకు ఏం తింటుంది?” అని అడిగితే అందరూ ఒక్కసారే లేచి అరిచారు. పాఠం బ్రహ్మాండంగా సాగిందనే నేననుకున్నాను. గుమ్మంలో నిలబడ్డ కరస్పాండెంటు గారు మాత్రం, “పాఠం బాగుందమ్మా, కానీ మీకు క్లాసు కంట్రోలు లేదు” అని పంపించేశారు.

తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఇప్పుడంటుంది, ఇప్పుడంటుంది అని పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను. పెద్దమ్మ స్తోత్రం అనలేదు. “ఏడువు” అంది. “మీ పెదనాయన పోయినాక నా నోట్లో నుంచి కూడా ఆ మాట చానాళ్లు రాలేదు. పాస్టరయ్య చెప్పమన్యా రాలేదు. ఒకరోజు ఫ్యాక్టరీలో పలకలు కోస్తా ఉంటే, పక్కనామె ఏందో జోకేసింది. నవ్వొచ్చింది. నాకింకా నవ్వొస్తాదా అనుకున్యా. దాని ఎనకనే ఆ మాట కూడా వచ్చింది. నువ్వు తొందరపడాకు.” ఆ తర్వాత కోతి వదిలేసిన పులిహోర మూత తీసి నా ముందు పెట్టింది. ఆకలి మీద ఉన్నాను, తినేశాను. ఉప్పు గురించి ఇద్దరం నోరెత్తలేదు.

ఆ మరుసటి ఏడాది కంభంలో ఒక స్కూల్లో చేరాను. ఇప్పటికీ నా క్లాసు నుంచి వచ్చే గోల స్టాఫ్ రూమ్ దాకా వినబడుతుందని తోటి టీచర్లు విసుక్కుంటారు. పెద్దమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. మార్కాపురం బస్సులో ఎప్పుడైనా ఉద్యోగం కోసం తిరిగి, మొహం వేలాడేసుకుని కిటికీ పక్కన కూర్చున్న పిల్ల కనబడితే, ఆనాటి నేనే గుర్తొస్తాను. ఆ నేను నిజంగానే ఎదురైతే ఏం చెప్పాలా అని ఆలోచిస్తాను. ఏమీ చెప్పను. ఆనాటి నా పక్క సీట్లో ఎలాగూ పెద్దమ్మ ఉంటుంది కాబట్టి, రాడ్డు పట్టుకుని వాళ్ల వెనకాలే నిలబడి, నవ్వాపుకుంటూ ఇంటిదాకా వస్తాను.