గుమాస్తా దెయ్యం చివరి వారం

ఆ ఇంట్లో గది కావాలంటే తెలుగు చదవడం రావాలి. బూట్లు గుమ్మం దగ్గరే విడవాలి, వంటయ్యాక పొయ్యి తుడవాలి లాంటి షరతులు అందరి ఇళ్ళలోనూ ఉండేవే. ఈ షరతు మాత్రం కెనడాలో మేముండే కనాటా ఊరు మొత్తంలో ఆ ఒక్క ఆంటీదే.

అప్పుడు స్టూడెంట్లం వరదలా వచ్చిపడుతున్నాం. గది దొరకడమంటే వీసా దొరికినంత పని. నేనుండే బేస్‌మెంట్‌లో పరుపు పక్కన పరుపు వేసుకుని పడుకునేవాళ్ళం. బాత్రూం కోసం వాట్సాప్ గ్రూపులో టైం రాసుకోవాలి. కాలేజీ, కాఫీ షాపులో పార్ట్‌టైం, మధ్యలో బస్సు కోసం మంచులో నిలబడటం. ఇంటికొచ్చాక కాళ్ళు చాపుకోవడానికి చోటుండేది కాదు. ఒకరోజు ఇండియన్ గ్రోసరీ షాపు గోడ మీద కాగితం చూశాను. ‘ఆడపిల్లకి గది. తెలుగు పైకి చదవడం రావాలి.’ ఏ ముసలావిడకో విష్ణు సహస్రనామం చదివిపెట్టాలి కాబోలు అనుకున్నాను. పరుపు పక్కన పరుపు కన్నా విష్ణుమూర్తే నయం కదా అని వెళ్ళాను.

ఆంటీ రిటైరైన డాక్టరు. రోగుల్ని చూసే డాక్టరు కాదు, పాథాలజిస్టు. ఒంట్లోంచి తీసిన ముక్కని మైక్రోస్కోపు కింద పెట్టి, అది ఏ జబ్బో చెప్పే పని జీవితమంతా చేసింది. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఒక్కగానొక్క కొడుకుది నాలుగైదు గంటల దూరంలో, నార్త్ యార్క్‌లో బ్యాంకు ఉద్యోగం. ఆవిడకి చూపు మధ్యలో పోయింది. పక్కల నుంచి గోడలూ మనుషులూ కనిపిస్తారు గానీ, సూటిగా చూసిన అక్షరం మాయమైపోతుంది. అయినా లావుపాటి కళ్ళజోడు పెట్టుకునే తిరిగేది. అది లేకపోతే ముఖం బోసిగా ఉంటుందట.

నాకన్నా ముందు వచ్చిన అమ్మాయిలు తెలుగు సినిమా డైలాగులు గడగడా చెప్పగలరు గానీ, అచ్చులో ఉన్న ఒత్తు కనిపిస్తే ఆగిపోయారట. నేను పదో తరగతి దాకా ప్రభుత్వ బడిలో తెలుగు మీడియం. కెనడా వచ్చాక ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు. అదిగో, ఆ బడి పుణ్యం అక్కడ పనికొచ్చింది.

ఆంటీ నా ముందు పెట్టింది స్తోత్రాల పుస్తకం కాదు. ఏదో వారపత్రికలోంచి కత్తిరించి కుట్టుకున్న సీరియల్ కాగితాల కట్ట. మొదటి పేజీ మీద బొమ్మలో మెడ మీద తల లేని మనిషి, చంకలో తల, తలకి చక్కగా దువ్విన పాపిడి.

“చదువమ్మా,” అంది.

చదివాను. ‘గుమాస్తా మెడ మీది తలను ఊడదీసి బల్ల మీద పెట్టుకున్నాడు. ఆ పైన కళ్ళజోడు కోసం జేబులన్నీ తడుముకున్నాడు. కళ్ళజోడు తలకే ఉన్నదన్న సంగతి ఆయనకు ఎంతకీ తట్టలేదు.’ అక్కడ నాకు నవ్వాగలేదు. ఇంటర్వ్యూలో నవ్వానే, పోయింది గది, అనుకున్నాను.

“గది నీదేలే,” అంది ఆంటీ. “కానీ దెయ్యం మాట్లాడుతుంటే రేడియో వార్తలు చదివినట్టు ఆ చదవడమేంటి? గొంతు మార్చాలి. రేపట్నుంచి మార్చు.”

అట్లా మొదలైంది. కాలేజీ లేని సాయంత్రాలు ఆవిడ వంటింట్లో బీన్స్ తుంచుతూ కూర్చునేది, నేను చదివేదాన్ని. ఆ కట్ట కథ కూడా తనే చెప్పింది. మెడికల్ కాలేజీ హాస్టల్లో అమ్మాయిలందరికీ కలిపి ఒకే పత్రిక. అందరూ చదివాక ఎవరి సీరియల్ వాళ్ళు కత్తిరించుకునేవాళ్ళు. ప్రేమ సీరియళ్ళ కోసం జుట్లు పట్టుకునేవాళ్ళట. ఈ దెయ్యం సీరియల్‌కి మాత్రం పోటీ లేదు. వారం వారం కత్తిరించి, ఆపరేషన్ థియేటర్లో మిగిలిన పట్టుదారంతో కుట్టింది.

“కుట్లు చూడు, ఎంత ముచ్చటగా పడ్డాయో,” అనేది వేళ్ళతో తడుముతూ. “పేషెంట్లకి కూడా ఇంత బాగా వెయ్యలేదు. అందుకే నన్ను సర్జరీలోకి రానివ్వలేదు కాబోలు.”

కథ అంతా ఒక ఊళ్ళో తాలూకా ఆఫీసు. రికార్డు గదిలో చచ్చిపోయిన గుమాస్తా, అమావాస్య అమావాస్యకీ వచ్చి మిగిలిపోయిన పని చేసుకుంటాడు. అడ్డొచ్చినవాణ్ణి చంపుతాడు. లంచం తిన్న రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ని బావిలోకి లాగి చంపుతాడు, అదీ ముందుగా చెప్పులు విప్పించి, గట్టున జాగ్రత్తగా పెట్టించి. దెయ్యాన్ని వదిలించడానికొచ్చిన మాంత్రికుడికి కడుపులో పుండు. అందుకని పుర్రెలో మజ్జిగ పోయించుకుని తాగుతాడు. “మంచి పని చేశాడు, ఉప్పు తగ్గించమను,” అనేది ఆంటీ. ఎవరికీ భయపడని పాత్ర ఒక్కటే, కొత్తగా చేరిన టైపిస్టు పిల్ల.

ఆ కట్టకి చివరి వారం లేదు. ఉన్నంతలో ఆఖరి పేజీలో టైపిస్టు రికార్డు గది తలుపు తీస్తుంది. ఎదురుగా గుమాస్తా, చంకలో తల. ఆ తల నోరు తెరిచి, ‘అమ్మాయీ, నిన్నొక్క మాట అడుగుతాను. భయపడకుండా చెబుతావా?’ అంటుంది. కింద చిన్న అక్షరాల్లో, ముగింపు వచ్చేవారం. ఆ వచ్చేవారం పత్రిక వచ్చేనాటికి ఆంటీ పెళ్ళయి, విమానమెక్కి ఇక్కడికొచ్చేసింది.

“మళ్ళీ వెతకలేదా ఆంటీ?”

“మొదట్లో వెతికితే దొరకలేదు. తర్వాత, దొరుకుతుందేమోనని భయమేసి మానేశాను.”

ఏమడిగి ఉంటాడో అని మేం పందేలు కాసుకునేవాళ్ళం. ప్రమోషన్ ఆర్డరు వచ్చిందా అని, అని నేను. పెళ్ళి సంబంధం అని ఆవిడ. చాల్లెండి సంబడం, తల లేనోడికి పిల్లనెవరిస్తారు, అంటే పగలబడి నవ్వేది.

రెండో చలికాలంలో ఆవిడ అన్నం తగ్గించేసింది. కళ్ళు పచ్చబడ్డాయి. హాస్పిటల్‌కి నేనే తీసుకెళ్ళాను. రిపోర్టు వచ్చాక నన్ను చదవమంది. పైకి చదివాను, ఇంగ్లీషులో, వార్తలు చదివినట్టే. ఆవిడ మధ్యలో ఆపలేదు. అయిపోయాక, “బాగా రాశాడు. నేనైనా ఇంతే రాద్దును,” అంది. క్లోమానికి క్యాన్సర్ పట్టింది, ముదిరిపోయింది. తిరిగొచ్చే బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. నా మోచేతి మీద చిన్నగా తట్టి, “నీ స్టాప్ కాదమ్మా ఇది, నాది,” అంది. ఒళ్ళు మండింది నాకు. అట్లాంటప్పుడు కూడా జోకులేనా!

ఆ తర్వాత ఇంటికి జనం. రిటైరైన డాక్టర్లు, ఇంజనీర్లు, వాళ్ళ భార్యలు. పులిహోర గిన్నెలు, విభూతి పొట్లాలు. అందరూ గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. ‘మీకేం కాదండీ డాక్టరు గారూ’ అని ఒక ఇంజనీరు అంకుల్ అంటే, “ఏం కాదా, అబ్బా, బతికించారు,” అంది ఆంటీ. పాపం ఆయన నోరు వెళ్ళబెట్టాడు.

నేను మాత్రం తెలివైన పని చేస్తున్నాననుకుని ఒక పిచ్చిపని మొదలుపెట్టాను. చదివేటప్పుడు చావులు దాటేయడం. చనిపోతున్న మనిషి ముందు చావు గురించి ఎట్లా చదువుతాం? మా ఇళ్ళల్లో రోగి ముందు ఆ మాటే ఎత్తరు, టీవీలో చావు సీను వచ్చినా ఛానల్ మార్చేస్తారు. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ భాగం వచ్చింది. బావి దగ్గరికి వచ్చేసరికి, వాడు గుమాస్తాని తోసేసి, రోడ్డెక్కి విజయవాడ బస్సు పట్టుకుని పారిపోయాడని చదివేశాను.

ఆంటీ చేతిలోని బీన్స్ కింద పెట్టింది.

“ఏ బస్సు?”

“విజయవాడ బస్సు ఆంటీ.”

“నీ దుంపతెగ, నలభై ఏళ్ళుగా చస్తున్నవాణ్ణి ఇవాళ బస్సెక్కించావా? దింపు వాణ్ణి. చెప్పులు విప్పించు. చక్కగా చంపు.”

తల దించుకున్నాను. “చదవలేకపోతున్న ఆంటీ. మీ ముందల ఎట్ల చదవాలె?”

 అప్పుడు ఆవిడ చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ ఆ గొంతుతోనే వినిపిస్తాయి.

“నా దగ్గరికి వచ్చిన చావులన్నీ గాజుపలక మీద గులాబీ రంగు మరకలమ్మా. వాటికి ముఖం లేదు, మాట లేదు. రిపోర్టు రాసి పంపించేదాన్ని. ఇంటికొస్తే ఈ గుమాస్తా ఉండేవాడు. చచ్చాక కూడా కళ్ళజోడు వెతుక్కుంటాడు. అలుగుతాడు. చెప్పులు గట్టున పెట్టమంటాడు. చచ్చాక కూడా మనిషి మనిషిలాగే ఉన్నాడు, చూడు. ఇది చెత్త అని మా ఆయన ఎన్నిసార్లన్నాడో! చెత్తే. కానీ నాకు చావంటే నవ్వొచ్చేది ఇందులోనే. దాన్ని కూడా తీసేస్తావా నువ్వు?”

వాణ్ణి చంపాను. చెప్పులు విప్పించి, గట్టున పెట్టించి, గొంతు మార్చి మరీ చంపాను. ఆవిడ నవ్వింది. నవ్వుతూ డొక్క పట్టుకుంది, నొప్పికి. నవ్వే ముఖమూ నొప్పి ముఖమూ ఒకటే అయిపోవడం మొదటిసారి అప్పుడే చూశాను. నాకు ఏడుపు తన్నుకొచ్చింది, అయినా చదవడం ఆపలేదు.

ఆవిణ్ణి చివరి రోజుల వాళ్ళని ఉంచే చోటికి మార్చాక కొడుకు వచ్చేశాడు. మంచివాడే. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో. మంచం పక్కన ఫోన్లో భక్తి శ్లోకాలు పెట్టి, “ప్లీజ్, నో గోస్ట్ స్టోరీస్,” అన్నాడు నాతో. ఆయన కార్ పార్కింగ్ టైం పొడిగించడానికి కిందికెళ్ళగానే ఆంటీ కళ్ళు తెరిచింది.

“పెట్టుకోనీ. వాడి భయం వాడిది. నువ్వు తొందరగా కానియ్. ముగింపు చెప్పు.”

“ముగింపు లేదు కదా ఆంటీ.”

“నువ్వు చెప్పు. ఏమడిగాడు వాడు? ఇంక నాకు వచ్చేవారం లేదు.”

 నాకు తోచిందేదో చెప్పాను. గుమాస్తా టైపిస్టు పిల్లని క్షమించమని అడిగాడు, ఆమె క్షమించింది, ఆయన ఆత్మకి శాంతి దొరికింది, వెలుగులో కలిసిపోయాడు. ఆవిడ ముఖం ముడుచుకుంది.

“ఛీ ఛీ. సంతాప సభలా ఉంది. ఇన్ని హత్యలు చేసినవాడు వెలుగులో కలవడమేంటి?”

కారిడార్‌లో లిఫ్ట్ చప్పుడైంది. ఆయన వచ్చేస్తున్నాడు. తొందరలో, ఏం చెప్పాలో తెలియక, గుమాస్తా గొంతు పెట్టి అన్నాను.

“అమ్మాయీ... నా కళ్ళజోడు చూశావా?”

 ఆంటీ నవ్వింది. ఆ ఎండిన ఒంట్లో అంత నవ్వు ఎక్కడ దాచుకుందో, మంచం కదిలింది. నర్సు పరిగెత్తుకొచ్చింది. గుమ్మంలో కొడుకు కొయ్యబారి నిలబడ్డాడు. “అదే! అదే అయ్యుంటుంది! దీనికోసమా నేను ఇన్నేళ్ళు...” అని మాట పూర్తి చెయ్యలేక కళ్ళు తుడుచుకుంది. నర్సు నొప్పి తగ్గే మందు ఎక్కించింది. మగతలోకి జారుతూ నా వేలు పట్టుకుంది.

“నేనొస్తే భయపడతావా?”

“భయపడత ఆంటీ. గట్టిగ అరుస్త.”

“అమ్మయ్య,” అంది.

తర్వాత మాట్లాడలేదు. ఆ వారంలోనే, మధ్యాహ్నం పూట, కొడుకూ నేనూ ఉండగానే పోయింది. శ్లోకాల ఫోను ఛార్జింగ్ అయిపోయి ఆగిపోయి ఉంది.

ఇల్లు అమ్మకానికి పెట్టారు. సామాన్లు తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు కొడుకు నన్నడిగాడు, ఆ రోజు అమ్మ ఎందుకంత నవ్వింది అని. చెప్పాను. తల బల్ల మీద పెట్టుకున్న గుమాస్తా సంగతీ, కళ్ళజోడు సంగతీ. “కళ్ళజోడు,” అన్నాడు తెలుగులో, మెల్లగా. చిన్నప్పుడు రోజూ పొద్దున ఇంట్లో వినిపించే మాట అదేనట. నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికేదట వాళ్ళమ్మ. నవ్వబోయి ముఖం తిప్పేసుకున్నాడు. కాగితాల కట్ట నన్నే ఉంచుకోమని, పెట్టెలు కారులో పెట్టడానికి వెళ్ళాడు.

వంటింట్లో నేనొక్కదాన్నే. మంచి ఎండ. బల్ల మీద ఆవిడ కళ్ళజోడు, హాస్పిటల్ వాళ్ళు తిరిగిచ్చిన కవర్లో. బయటికి తీసి తుడిచి పెట్టాను. కట్ట తెరిచి ఆఖరి పేజీ పైకి చదివాను, ఖాళీ కుర్చీ ఎదురుగా కూర్చుని, గొంతు మార్చి. టైపిస్టు తలుపు తీసింది. గుమాస్తా నిలబడ్డాడు. ‘అమ్మాయీ, నిన్నొక్క మాట అడుగుతాను. భయపడకుండా చెబుతావా?’

అక్కడ ఆగాను. అరవడానికి సిద్ధంగా ఉన్నాను. ఇచ్చిన మాట కదా.

ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ లేదు. కళ్ళజోడు పెట్టినచోటే ఉంది. దాని కోసం ఎవరూ రాలేదు. నాకు ఇంతైనా భయం వెయ్యలేదు, అందుకే ఏడ్చాను.