ఆవిడ అనని మాట

మొన్న వాన్ నగరంలోని మా గోదాము ఆఫీసులో పార్ట్‌టైమ్ పనికి కొత్తగా చేరిన కరీంనగర్ అమ్మాయి, భోజనాల వేళ నా పక్కన కూర్చుని, తనకు ఒక కాలేజీలో సీటు వచ్చి కూడా ఎందుకు చేరలేదో చెబుతూ, "ఆ ఊళ్ళె మనోళ్ళంటే గిట్టదంట అక్కా, బతుకమ్మకు హాల్ అడిగితే బీర్ కంపెనీ ఆమె మొఖం మీదనే పొమ్మన్నదంట" అన్నది. ఆ మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. నా నోటనే పుట్టింది.

నేను వచ్చిన ఆ రెండు మూడేళ్ళలో ఇక్కడికి చదువుకు వచ్చినవాళ్ళకు ఆ రోజుల గురించి వేరే చెప్పక్కర్లేదు. ఒషావా దాటి ఇంకో గంట బస్సులో పోతే వచ్చే ఆ చిన్న ఊళ్ళోనే నేను చదివింది. కాలేజీ పుణ్యమా అని ఏడాది తిరిగేసరికి ఇళ్ళ కింద అద్దెకిచ్చే ప్రతి బేస్‌మెంటులోనూ మనవాళ్ళే. పని దొరకడం గగనమైన ఆ కాలంలో నాకు ఊరి నడుమ పాత ఫైర్ స్టేషన్‌లో నడిచే, బీరు కాచి అమ్మే చిన్న బ్రూవరీలో, వెనక గదిలో గ్లాసులు కడిగి డబ్బాలకు లేబుళ్ళు అంటించే పని దొరికింది. ఇంట్లో అమ్మకూ, బేస్‌మెంటులో నాతో ఉండే ఐదుగురు అమ్మాయిలకూ మాత్రం ఊరి లైబ్రరీలో పని అని చెప్పాను. నా సంచీలో ఎప్పుడూ ఒక పుస్తకం ఉండేది కనుక అందరూ నమ్మారు.

నిజానికి సిగ్గుపడవలసిన చోటు కాదది. గురువారం మధ్యాహ్నాలు ఊరి ముసలమ్మలు అక్కడి పొడుగాటి బల్ల చుట్టూ చేరి టీ తాగుతూ ఉన్ని అల్లుకునేవారు. బీరుకు చేదునిచ్చే హాప్స్ తీగలు ఆ ఊళ్ళో చాలా పెరళ్ళలో ఉండేవి. ఆగస్టు చివర ఒక శనివారం ఊరంతా ఆ ఆకుపచ్చ పూలను బకెట్లతో తెచ్చి పోస్తే, అన్నీ కలిపి ఒక్క బీరు కాచేవారు. ఎవరివి ఎన్ని పూలో ఎవరూ అడిగేవారు కాదు. ఇదంతా నడిపే మా ఓనరమ్మ అరవై దాటిన మనిషి. మంచు పడిన రోజుల్లో నన్ను తన ట్రక్కులో మా వీధి మలుపు దాకా దింపేది. ఇంటి దాకా వద్దని నేనే అనేదాన్ని.

ఆ ఏడు బతుకమ్మకు కాలేజీ హాలు దొరకలేదు. మా బేస్‌మెంటు అమ్మాయిల్లో పెద్దదని మేం అక్కా అని పిలిచే ఆమె, బ్రూవరీ తలుపు మీద ఊరివాళ్ళ వేడుకలకు హాలు ఉచితమన్న కాగితం చూసి వచ్చి, "లైబ్రరీల చేస్తవు, తెల్లోళ్ళతోని మాట్లాడే అలవాటున్నది, నువ్వే పోయి అడుగరాదే" అని నన్ను పంపింది.

అడగడం పూర్తికాక ముందే ఓనరమ్మ సరేనంది. పూలు పేర్చి చుట్టూ తిరిగి పాడే పండుగంటే అచ్చం మా హాప్స్ శనివారమే కదా అని సంబరపడింది. ఆ క్షణాన నా కళ్ళ ముందు ముప్ఫై మంది అమ్మాయిలు, వాళ్ళ ఫోన్లు, ఫేస్‌బుక్కులో ఫొటోలు, ఆ ఫొటోల్లో నా భుజం మీద చెయ్యి వేసి మా దగ్గర పనిచేసే అమ్మాయి అంటున్న ఈవిడ, అవి చూస్తున్న మా అమ్మ కనిపించారు. మద్యం ఉన్నచోట మేము దేవతను పెట్టం అని చెప్పాను. అక్కడ మా సొంత ఊళ్ళో దసరాకు కల్లు రాని ఇల్లుండదని ఆవిడకేం తెలుసు! కుళాయిలన్నిటికీ దుప్పట్లు కప్పేస్తాను, ఆ రోజు అమ్మకం ఆపేస్తాను అంది. అయినా కుదరదన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. మీ నియమం మీది అంది.

"ఏమన్నదే?" అంది అక్క, నేను చెప్పులు విప్పకముందే.

"మనకియ్యదంట."

భీమవరం అమ్మాయి పొయ్యి దగ్గర నుంచే, "అంతేలెండి, ఫీజులు కట్టడానికైతే మనం ముద్దు, పాట పాడతామంటే చేదు!" అంది. అందరూ నవ్వారు. రాత్రయ్యేసరికి ఆ మాట కాలేజీ గ్రూపులో ఇంకో రెండు మాటలు కలుపుకుని తిరుగుతోంది.

చివరికి ఏటి ఒడ్డు పార్కులో, గాలికి వణుకుతూ, సూపర్‌మార్కెట్ పూలూ రంగు కాగితాలూ కలిపి పేర్చిన చిన్న బతుకమ్మను పెట్టుకున్నాం. పాట మొదలయ్యే వేళకు బ్రూవరీ పేరున్న ఓనరమ్మ ట్రక్కు వచ్చి ఆగింది. అల్లిక ముసలమ్మలు ఇద్దరితో కలిసి బకెట్లు దింపడం మొదలుపెట్టింది. బంతులు, చేమంతులు, తంగేడును తలపించే పసుపుపచ్చ పూలు. మంచు కాటేసేలోగా ఊరి పెరళ్ళన్నీ తిరిగి కోయించినవి.

అక్క ఎదురు వెళ్ళి, మాకున్నవి చాలు, థాంక్యూ అని ఇంగ్లీషులో మర్యాదగా చెప్పి వెనక్కి వచ్చింది. "జాగ ఇయ్యనామె పూలెందుకు ఇస్తున్నదంట? ఫొటో దిగనీకెనా?" అంది. ఏం జరుగుతోందో అర్థం కాని ఓనరమ్మ గుంపులో నన్ను వెతికి పట్టుకుని చెయ్యి ఊపింది. నేను తల దించుకున్నాను.

"నువ్వు హాల్ అడుగకముందే నీకెరుకేనా ఆమె?" అడిగింది అక్క.

"లైబ్రరీకి వస్తది" అన్నాను.

వాళ్ళు బకెట్లను గడ్డిమీదే ఉంచి వెళ్ళిపోయారు. ఎవరూ ముట్టుకోలేదు. మర్నాడు నేను ఆ దారిన వెళ్ళేసరికి పూలన్నీ నల్లబడి ఉన్నాయి.

సోమవారం పనికి వెళితే ఓనరమ్మ నన్ను పక్కకు పిలిచింది. పార్కులో ఎందుకు తల దించుకున్నావని అడుగుతుందనుకున్నాను. బీరు ముట్టిన చేతులతో దేవత పూలు తేవడం మాకు తప్పవుతుందని తనకు తట్టలేదని, మావాళ్ళకు తన తరఫున క్షమాపణ చెప్పమని అంది. చెబుతానన్నాను. రోజూ రెండేసి పేజీలు నింపే డైరీలో ఆ రోజు ఒక్క మాటే ఉంది: చలి.

చదువు అయిపోగానే వాన్ వచ్చేశాను. ఇప్పుడా కాలేజీలో మనవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే అట, బేస్‌మెంట్ల ముందు అద్దెకిస్తామన్న బోర్డులు నెలల తరబడి ఉంటున్నాయట. ఓనరమ్మ బ్రూవరీ అమ్మేసి ఎటో వెళ్ళిపోయిందని విన్నాను. ఇక్కడేమో బతుకమ్మకు పెద్ద పెద్ద హాళ్ళు ముందే బుక్ అయిపోతాయి. పండుగ చేసుకోవడానికి ఎవరి గడపా ఎక్కి అడగనక్కర్లేదు, ఎవరూ పెరట్లో పూలు కోసుకుని రారు. ఆ రోజు పార్కులో తిరిగిన ముప్ఫై మందిలో నాకు ఫోన్ నంబరు తెలిసింది కాల్గరీలో ఉన్న అక్కది ఒక్కటే. ఈ రాసింది ముందు ఆమెకే పంపుతున్నాను. అక్కా, హాలు సంగతి ఏమైందని నువ్వడిగిన రోజు నేను చెప్పింది అబద్ధం. ఆమె సరేనన్నది.