నిచ్చెన పట్టుకున్న చేతులు

లారీలు నడిపి నడిపి ఇంటిపట్టున కూర్చున్న ఆ డ్రైవరుకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చెప్పు దొరక్కపోయినా కోపమే, కాకి అరిచినా కోపమే. నిరుడు వానలో తడి కప్పు మీదికి ఒక్కడే ఎక్కి, జారిపడి మోకాలు విరగ్గొట్టుకున్నాక అది మరీ ముదిరింది. ఇవాళ మళ్లీ ఒక పెంకు జారి మంచం మీద నీళ్లు కారాయి. నేనెక్కుతానంది భార్య.

“బట్టలు కుట్టుకునేదానివి, పెంకుల సంగతి నీకేం తెలుసు?” అని మండిపడ్డాడు.

ఆమె పట్టించుకోలేదు. కప్పు ఆరేదాకా ఆగింది. నిచ్చెన పైకొసను వాసానికి తాడుతో బిగించింది. పెంకుల మీద అడుగు పడకుండా చెక్క పరిచింది. ఒక్కో జాగ్రత్తకీ ఆయన పళ్లు నూరాడు. ఆ రోజు తాను వాటిలో ఒక్కటీ చేయలేదు మరి.

ఆమె ఎక్కగానే కింద నుంచి అరుపులు మొదలెట్టాడు. “పైవరస పెంకు కాస్త ఎత్తి, జారినదాన్ని దాని కిందకి దూర్చు. లాగకు. లాగకన్నానా, వినపడదా?”

“వినపడుతోంది. వీధి మొత్తానికీ వినపడుతోంది.”

పెంకు కుదురుకుంది. ఆమె దిగి నేల మీద నిలబడ్డా ఆయన తిట్లు ఆగలేదు.

“దిగాను కదండీ, ఇక నిచ్చెన వదలండి.”

“వదిలాను, కనపడట్లేదా?” అని కసిరాడు.

తెల్లగా పాలిపోయిన వేళ్లు నిచ్చెన కర్రకు బిగుసుకుపోయి ఉన్నాయి. ఆమె ఒక్కో వేలూ విడదీస్తుంటే, ఆయన ఆ వేళ్లనూ తిట్టాడు.